ఐదో ఆదివారం పసరు

నస్రత్ గిన్నెడు పసరు వాకిట్లో పారబోసింది.

అరుగు మీద కూర్చున్న తొమ్మిది మందీ లేచారు. తెల్లవారక ముందే బయల్దేరి పరగడుపున వచ్చిన వాళ్ళు. పసరు మట్టిలో ఇంకిపోయింది. ఒకామె తన చేతిలోని గ్లాసు కొంగు కిందికి లాక్కుంది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందేంటే?" రసూల్‌బీ వంటింట్లోంచి వచ్చి కూతురి చేతిలో గిన్నె లాక్కుంది. "అది సిద్దికా వంతు. ఇవాళ ఐదో ఆదివారం. ఇదొక్కటీ తాగితే వరస అయిపోతుంది."

"ఇంకో గ్లాసు తాగిస్తే నీకు కోడలు మిగలదు."

"నోరు కడుక్కో ముందు! కడుపుతో ఉన్న పిల్లని పట్టుకుని ఏం మాటలే అవి?"

నస్రత్ గుంటూరు నుంచి మొదటి బస్సుకు వచ్చి ఇరవై నిమిషాలైంది. చెప్పులు కూడా విప్పలేదు. తమ్ముడి భార్య సిద్దికా రాత్రి తన కన్ను ఫొటో తీసి పంపింది. కింద ఒక్క మాట రాసింది: "వదినా, ఇట్టా ఉందేంటి?" తెల్లగా ఉండాల్సిన చోట పసుపు. ఆ తర్వాత నస్రత్‌కు నిద్ర లేదు.

వచ్చీ రాగానే అలమరలోని టాబ్లెట్ల డబ్బా మూత తీసి లెక్కపెట్టింది. ముప్పై ఉండాలి. ఇరవై తొమ్మిది ఉన్నాయి. కొత్త డబ్బాలో ఒక్కటి మింగి ఆపేశారు.

"ఎవరు ఆపమన్నారు?" డబ్బా తల్లి మొహం ముందు ఊపింది.

"ఎవరో చెప్పాలా? పత్యంలో వేరే మందు మింగకూడదని నీకు తెలీదా? ఈ ఇంట్లో పుట్టలేదా నువ్వు?"

తెలుసు. నాన్న రంజాన్ ఇచ్చే పసరు తాగినవాళ్ళు ఉప్పు, నూనె, కారం ముట్టకూడదు. మిరపకాయలు పండే ఊళ్ళో వారాల తరబడి చప్పిడి కూడు తినాలి. వేరే ఏ మందూ, ఆఖరికి తలనొప్పి బిళ్ళ కూడా, నోట్లో వేసుకోకూడదు. ఆకు పేరు అడగకూడదు. రంజాన్ తాత భుజాన విల్లు వేసుకుని ఊరూరా దూది ఏకిన రోజుల నుంచీ కామెర్లకు ఈ ఇంట్లో ఇదే పద్ధతి. రంజాన్ ఇప్పుడు పరుపులు కుడతాడు. ఆదివారం మాత్రం సూది పట్టడు, రోలు దగ్గరే కూర్చుంటాడు.

ఇప్పుడూ అక్కడే కూర్చుని ఉన్నాడు. కూతురు పారబోసిన చోటు చూస్తున్నాడు.

"కళ్ళు చూశావా సిద్దికావి?" అంది నస్రత్ తల్లితో.

"చూశాను. పసరు జబ్బుని బయటికి లాగుతోంది. లోపలున్నది బయటపడకుండా ఎట్టా పోద్ది?"

"లాగట్లేదమ్మా. లివరు చెడిపోతోంది."

అరుగు మీంచి ఒకాయన ముందుకొచ్చాడు. పేరు జోసఫ్. దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ పని. సెలవు పెట్టి వచ్చాడు.

"మీరేనా నస్రత్ గారు?" అన్నాడు. "ఇందాకట్నించీ అనుకుంటున్నా, ఈ గొంతు ఎక్కడో విన్నానే అని."

ఫోను తీసి నొక్కాడు. నస్రత్ గొంతు వాకిలంతా వినపడింది.

"అమ్మా, పని చేసిందమ్మా! మన ఆకు వైరస్‌ని ఆపింది. మూడుసార్లు చేసి చూశాం, మూడుసార్లూ ఆపింది. నాన్నకి చెప్పు. ఆయన ఆకు నిజమని చెప్పు."

గుంటూరులో తను పరిశోధన చేస్తున్న కాలేజీ మెట్ల మీద నిలబడి, డిసెంబరులో పంపిన మెసేజ్ అది. ఆ సంతోషం ఇప్పుడు పరాయి మనిషి ఫోనులోంచి వింటుంటే నస్రత్‌కు చెవులు మూసుకోవాలనిపించింది. అప్పుడు మొదటిది పంపిన వెంటనే రెండోది కూడా పంపింది. ఇది గాజు పళ్ళెంలో పెంచిన కణాల మీద చేసిన పని, మనిషి మీద కాదు, మందు కావడానికి పదేళ్ళు పట్టొచ్చు, అసలు కాకనూపోవచ్చు, ఎవరికీ చెప్పొద్దు. మొదటిదాన్ని తమ్ముడు షబ్బీర్ తన మిల్లు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అక్కణ్ణించి దాచేపల్లి దాకా పోయింది. రెండోది గడప దాటలేదు.

"మీకు ఆస్పత్రి మందులేమన్నా ఉన్నాయా?" నస్రత్ జోసఫ్‌ని అడిగింది.

"ఉన్నాయి. ఆపాను. పత్యం కదా."

"ఇవాళే మళ్ళీ మొదలుపెట్టండి. రేపు మీ డాక్టరు దగ్గరికి పోండి."

"మీరే పని చేస్తందంటారు, మీరే పారబోస్తారు." జోసఫ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఫోన్లో నస్రత్ గారి మాట వినమంటారా, వాకిట్లో నస్రత్ గారి మాట వినమంటారా?"

ఎవరో నవ్వారు. రసూల్‌బీ కొంగు నడుముకు చుట్టింది.

"అడగండయ్యా, గట్టిగా అడగండి. నలుగురిలో తండ్రి పరువు తీయడానికే చదివించాం దీన్ని."

నస్రత్ మెట్టు దిగి వాళ్ళ మధ్యకు వచ్చింది.

"మిరప చేనుకి మందు కొడతారుగా మీరు. కుండీలో పెంచిన మొక్క మీద ఎవడో ఏదో చల్లితే పురుగు చచ్చిందట. అంతే తెలుసు. ఎంత కలపాలో తెలీదు. చేను మాడుద్దో లేదో తెలీదు. కాయలో విషం మిగుల్తుందో లేదో తెలీదు. తెచ్చి ఎకరానికి కొడతారా?"

ఒకాయన అడ్డంగా తలూపాడు.

"నేను చేసింది కుండీలో మొక్క. చేను కాదు. నా తప్పేంటంటే, కుండీలో పురుగు చచ్చిందని ఎగిరి గంతేశాను."

గేటు చప్పుడైంది. షబ్బీర్ జిన్నింగు మిల్లులో రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు. జుట్టులో, కనుబొమల్లో దూది పీచు. అక్కని చూశాడు, డబ్బాని చూశాడు, తిరిగి బండి ఎక్కబోయాడు.

"ఏరా, ఎక్కడికి? దిగు."

"అక్కా, లోపల మాట్లాడుకుందాం."

"లోపల మాట్లాడుకునే ఇంతదాకా తెచ్చాం. డాక్టరు ఏం చెప్పాడు నీకు? కాన్పు అయ్యేదాకా ఒక్కరోజు మానకూడదని చెప్పాడా లేదా?"

"అమ్మ ఆపింది."

"నీకు నోరు లేదా?"

"పసరు పని చేస్తోందని నువ్వే చెప్పావు! టాబ్లెట్లు కడుపులో బిడ్డకి వేడి చేస్తాయని అమ్మంది. ఆకైతే ఏమీ కాదనుకున్నా. ఎవర్ని నమ్మాలి నేను?" షబ్బీర్ గొంతు పెంచాడు. "మిల్లులో అందరూ మీ అక్క, మీ అక్క అంటుంటే..."

"గొప్పగా ఉందా?"

"ఉంది. ఉండకూడదా?"

నస్రత్ చెయ్యెత్తింది. కొట్టలేదు. ఎత్తిన చేత్తో డబ్బా అతని గుండెకు ఆనించింది.

"ఇవి బలం బిళ్ళలు కావురా. ఆమె ఒంట్లో ఉన్న వైరస్‌కి. ఆ వైరస్ కాన్పులో బిడ్డకి అంటకుండా. ఇవి ఉన్నట్టుండి ఆపితే అది తిరగబడుద్ది. తిరగబడింది!"

మాట నోట్లోంచి వచ్చాక తెలిసింది, ఎంత గట్టిగా అన్నదో. వాకిట్లో తొమ్మిది మందీ విన్నారు.

గుమ్మంలో సిద్దికా నిలబడి ఉంది.

ఎనిమిదో నెల. ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి నడుము మీద. గోకి గోకి ముంజేతుల మీద చారలు పడ్డాయి. పగటి వెలుగులో ఆమె కళ్ళు ఫొటోలో కంటే పచ్చగా ఉన్నాయి.

"బలానికన్నావుగా," అంది షబ్బీర్‌తో.

షబ్బీర్ దూది దులుపుకోవడం మొదలుపెట్టాడు.

"నిన్నే. బలానికన్నావుగా?"

"కాన్పు అయ్యాక చెబుదామని. భయపడతావని."

"ఏం వైరస్?"

"హెపటైటిస్ బి," అంది నస్రత్. "ఆరో నెల్లో రక్తపరీక్షలో తేలింది. నీ తప్పేం కాదు. చిన్నప్పుడే ఎప్పుడో వచ్చుంటుంది. చాలామందికి ఉంటుంది, బయటికి తెలీదు. బిడ్డ పుట్టగానే ఇంజక్షన్లు వేస్తే..."

"ఆరో నెల్లో." సిద్దికా ఆమె వైపు తిరిగింది. "నీకు అప్పుడే తెలుసా వదినా?"

నస్రత్ తలూపింది.

"అత్తయ్యకి?"

రసూల్‌బీ గిన్నె కింద పెట్టింది. "లివర్లో ఏదో పురుగుందన్నాడు నీ మొగుడు. నాకు పేరు తెలీదు. బిడ్డకి కామెర్లు రాకుండా అని నీకు చెప్పి పసరు పోశాను. నా కోడలికి నయం కావాలని నా చేత్తో చప్పిడి కూడు వండాను. నాలుగు వారాలు నేనూ కారం ముట్టలేదు, నీ ముందు తినలేక. అడుగు ఎవర్నయినా!"

అది నిజం.

"మావయ్యకి?"

రంజాన్ రోలు పక్క నుంచి తలెత్తలేదు.

"అందరికీ తెలుసు," అంది సిద్దికా. "జబ్బు నాది. మీ అందరికీ తెలుసు."

లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేసుకోలేదు. ఫోనులో తన అన్నతో మాట్లాడుతున్న మాటలు బయటికి వినపడ్డాయి. "కారు తీసుకుని రా అన్నా. కరీమున్ వదిన్ని కూడా తీసుకురా. ఎందుకని అడక్కు."

నస్రత్ గుంటూరుకు ఫోను చేసింది. డాక్టర్ యేసుపాదం లివరు జబ్బులు చూస్తాడు. సిద్దికాకు టాబ్లెట్లు రాసింది ఆయనే. స్పీకరు నొక్కి పట్టుకుంది. ఇక ఈ ఇంట్లో ఎవరూ ఒక్కరే వినే మాట ఉండకూడదనుకుంది.

"ఎన్నాళ్ళయింది ఆపి?"

"ఇరవై తొమ్మిది రోజులు సార్."

"వాంతులున్నాయా?"

"రెండు రోజుల నుంచి," అంది రసూల్‌బీ.

"నిద్ర ఎక్కువగా పోతోందా? మాట తడబడుతోందా, తికమక పడుతోందా?"

"లేదు సార్," అంది నస్రత్.

"అది వస్తే మాత్రం చాలా ప్రమాదం. వెంటనే బయల్దేరండి. ఇంకో విషయం. ఇది వైరస్ తిరగబడటమో, ఆ పసరు చేసిన పనో, రెండూనో నాకు తెలియాలి. రెంటికీ వైద్యం ఒకటి కాదు. పసరులో ఏం కలిపారు?"

"నేల ఉసిరి సార్. నేను పని చేస్తున్న మొక్కే."

"అదొక్కటేనా? ఖాయమేనా?"

"ఖాయం సార్. నాన్నగారే ఇచ్చారు నాకు. మొక్కల ప్రొఫెసరు చూసి పేరు రాసిచ్చారు."

"అయితే ఆ ఆకు కూడా కాస్త తెండి."

ఫోను పెట్టేసి నస్రత్ తండ్రి దగ్గరకు వెళ్ళింది. రోలు పక్కన తడిగుడ్డ కప్పిన బుట్ట ఉంది. గుడ్డ తీయబోయింది.

రంజాన్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"నాన్నా, వదులు."

"అది కాదు," అన్నాడు. పొద్దుట్నించీ అతను మాట్లాడిన మొదటి మాట.

"ఏది కాదు?"

"నీకిచ్చింది. గట్టు మీది నేల ఉసిరి. మన పసరులో అది ఎప్పుడూ లేదు."

నస్రత్ చెయ్యి లాక్కోవడం మరిచిపోయింది.

"అడిగావు," అన్నాడు రంజాన్. "నాన్నా, మన ఆకు ఇవ్వు, దాని మీద చదువుతానన్నావు. లేదనలేకపోయాను. అసలుది ఇస్తే మా నాన్నకిచ్చిన మాట పోతుంది. కనపడిన మొక్క పీకి ఇచ్చాను. అదేం పని చేస్తుందిలే, రెండు నెలలు చూసి వదిలేస్తుందనుకున్నా."

"నాలుగేళ్ళు నాన్నా."

"నేనేమనుకున్నా, నువ్వు..."

"నాలుగేళ్ళు! పని చేసిందని ఫోన్ చేస్తే నవ్వావు. నా ఆకే కదమ్మా అన్నావు!"

"ఊరంతా మిఠాయి పంచానే," అంది రసూల్‌బీ. ఆమె గొంతులో ఇందాకటి కోపం లేదు. ఇంకొకటేదో మొదలైంది. "నీ ఆకు వైరస్‌ని చంపిందని పిల్ల చెప్తే, నమ్మి, నా చేత్తో ఆ బిళ్ళలు అలమరలో పెట్టానే. నువ్వు చూస్తూ కూర్చున్నావా?"

"మా నాన్న చేత్తో కామెర్లు తగ్గిన వాళ్ళు వందల మంది..."

"నీ నాన్న సంగతి ఎవడడిగాడు!" రసూల్‌బీ కింద పెట్టిన గిన్నె తీసి విసిరికొట్టింది. అది రోలుకు తగిలి దొర్లుకుంటూ గోడ దాకా పోయింది. "నేను కోడలికి ఏం పోశాను? పేరు చెప్పు."

రంజాన్ అరుగు మీది మనుషుల వైపు చూశాడు.

"నేను చెప్పకూడదు. ఒక్కరికే చెప్పాలి, నా తర్వాత పసరు నూరబోయే వాళ్ళకే. చెప్పిన రోజుతో చెప్పినవాడి చెయ్యి పోతుంది, వాడిచ్చే పసరు ఇక పని చెయ్యదు. మా నాన్న నాకు చెప్పాక మళ్ళీ రోలు ముట్టుకోలేదు. దర్గాలో ప్రమాణం చేశాను."

"చెయ్యి పోతే పోనీ!" అంది నస్రత్. బుట్ట మీది గుడ్డ లాగేసింది. లోపల ఆకులు లేవు. తడి పిప్పి ఉంది. ఆకు నూరి పిండాక మిగిలింది ఏ మొక్కదో, ఒకటో మూడో, చూసి చెప్పగలిగేవాళ్ళు లేరు. ల్యాబ్‌లో తేల్చాలంటే రోజులు పడుతుంది.

అయినా గుప్పెడు తీసి కవరులో వేసుకుంది.

కారు వచ్చి ఆగింది. వచ్చింది సిద్దికా అన్న హయాత్. దగ్గరి టౌనులో అద్దె కారు తోలతాడు. అతని భార్య కరీమున్ వెనక తలుపు తీసుకుని దిగింది. హయాత్ ఇంజను ఆపలేదు. చెల్లెలి కళ్ళు చూశాడు. షబ్బీర్ చొక్కా పట్టుకున్నాడు.

"ఏరా, మనుషులకి ఫోను చెయ్యడం రాదా నీకు? మిల్లు గ్రూపులో పెట్టడం వచ్చుగా!"

"వదులన్నా," అంది సిద్దికా. "టైమ్ లేదు."

ఆమె కారు వైపు వెళ్ళలేదు. రోలు దగ్గరకు నడిచి, గోడ పట్టుకుని, మామగారి పక్కన మెల్లగా కూర్చుంది.

"ఒక్కరికే చెప్పాలన్నారుగా మావయ్యా. ఆ ఒక్కరూ నేనే. నాకు చెప్పండి."

"నీకా?"

"తాగింది నేను. నా కడుపులో ఉన్నది తాగింది. ఇంకెవరికి చెప్తారు? ఈవిడకా?" నస్రత్ వైపు చెయ్యి చూపింది. "ఈవిడకి చెప్పకూడదనే కదా వేరే ఆకు ఇచ్చింది."

కారు ఇంజను చప్పుడు, దూరంగా హైవే మీద లారీల హారన్లు. రంజాన్ లేచి తలగుడ్డ సర్దుకున్నాడు. వంగి కోడలి చెవి దగ్గర నోరు పెట్టాడు. అరుగు మీది వాళ్ళు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. జోసఫ్ కూడా తిప్పుకున్నాడు.

నస్రత్ తిప్పుకోలేదు. సిద్దికా పెదవులు ఆ మాటల్ని చప్పుడు లేకుండా ఒకసారి అనుకోవడం చూసింది. పేర్లు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. ఏమిటో పట్టుకోలేకపోయింది.

రంజాన్ నిటారుగా నిలబడ్డాడు. చేతులు రెండూ లుంగీకి తుడుచుకుని రోలు నుంచి దూరంగా జరిగాడు.

"ఏంటట?" నస్రత్ సిద్దికా చెయ్యి పట్టుకుని లేపింది. "చెప్పు, ఇప్పుడే డాక్టరుకి ఫోన్లో చెప్పేస్తాను. మీరు చేరేసరికి ఆయన..."

"నేను చెప్తాను డాక్టరుకి."

"గంట కలిసొస్తుంది సిద్దికా!"

"రెండు నెలలు నాకు చెప్పకుండా దాచావు వదినా." సిద్దికా చెయ్యి విడిపించుకుంది. "నాకు ఒక్క గంట ఇవ్వవా?"

కరీమున్ ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టింది. నస్రత్ ముందు తలుపు పట్టుకుంది. హయాత్ లోపల్నుంచి లాకు నొక్కాడు.

"మీరు రానక్కర్లేదు."

"నిద్రపోనివ్వద్దు. దారంతా మాట్లాడిస్తూనే ఉండండి. నా మీద కోపం తర్వాత చూసుకుందాం, ఈ కవరు తీసుకో, డాక్టరుకివ్వు."

హయాత్ కవరు మాత్రం తీసుకుని గేరు వేశాడు.

"అన్నా," వెనక సీట్లోంచి సిద్దికా పిలిచింది. గొంతు ఇందాకటిలా లేదు, నాలిక మందంగా తిరుగుతోంది. "నమాజుకి పోలేదేం నువ్వు? ఇవాళ శుక్రవారం కదా?"

హయాత్ బ్రేకు నొక్కాడు. అద్దంలో చెల్లెల్ని చూశాడు. తర్వాత కిటికీలోంచి నస్రత్‌ని చూశాడు. ఈసారి ఆ చూపులో కోపం లేదు.

"పద, ఆగొద్దు, పద!" అని అరిచి నస్రత్ వెనక్కి తిరిగి వాకిట్లోకి పరుగెత్తింది.

"నాన్నా, ఆమెకి వారం గుర్తు లేదు. గుంటూరు చేరేసరికి నువ్వు చెప్పింది కూడా గుర్తుండదు. నాకు చెప్పు. ఇప్పుడే చెప్పు."

రంజాన్ అరుగు చివర, రోగులతో పాటు కూర్చుని ఉన్నాడు.

"ఒక్కరికే అమ్మాయ్," అన్నాడు. "చెప్పేశాను."